మీకు తెలుసా? పాదాలు గీరే చేపలు

చేపలతో పాదాల మృతచర్మం గీరించుకునే ఫిష్ స్పాకు మొదట పేరు తెచ్చిన చేప గర్రా రూఫా. పశ్చిమాసియా నదులు దీని పుట్టిల్లు. టర్కీలోని కంగల్ వేడినీటి బుగ్గల్లో నీరు సుమారు 35 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. అక్కడ తిండి కరువు కాబట్టి, స్నానానికి దిగినవాళ్ల మృతచర్మాన్ని ఈ చేపలు గీరి తింటాయి. దవడల్లో పళ్లు లేవు, చక్కిలిగింతే! సోరియాసిస్ ఉన్నవాళ్లు ఉపశమనం కోసం దూరదేశాల నుంచి వస్తారు. జబ్బు మాత్రం పూర్తిగా నయం కాదు.

మన మాల్‌లోని ఫిష్ స్పా తొట్టి సంగతి వేరు. సెలూన్ కత్తెరనైతే మరిగించి వాడొచ్చు, బతికున్న చేపను క్రిమిరహితం చేయలేం. అందుకే అమెరికాలో టెక్సాస్, ఫ్లోరిడా వంటి రాష్ట్రాలు ఫిష్ స్పాను నిషేధించాయి. మధుమేహం ఉన్నవాళ్లు, కాళ్లపై పుండ్లున్నవాళ్లు అసలు దిగకూడదు. చర్మం గీరి తినాలంటే ఆ చేపల్ని ఆకలితో ఉంచాలి, అది మరీ అన్యాయం.