ఇల్లు తాకట్టు పెట్టి అచ్చేసిన పుస్తకం

ఒక కాలేజీ బ్రోషర్‌లో బార్ చార్టు ఉందనుకోండి. నిరుడు ప్లేస్‌మెంట్లు 80 శాతం, ఈ ఏడాది 84 శాతం. బొమ్మలో మాత్రం రెండో బార్ మొదటిదానికి మూడింతల ఎత్తుంది! కారణం, స్కేలు సున్నా దగ్గర కాకుండా 78 దగ్గర మొదలైంది. అంకెల్లో అబద్ధం లేదు, బొమ్మలో ఉంది. డేటా అనలిస్టు ఇంటర్వ్యూలో ఇలాంటి చార్టు ముందు పెడితే ఎంతమంది పట్టుకోగలం? ఎక్సెల్, పవర్ బీఐ నేర్పే కోర్సులు వీధికొకటి ఉన్నాయి. చార్టును అనుమానంగా చూడటం నేర్పేవే కనిపించవు.

ఆ లోటు తీర్చే పుస్తకం ఒకటి 1983లోనే వచ్చింది. పేరు ‘ది విజువల్ డిస్‌ప్లే ఆఫ్ క్వాంటిటేటివ్ ఇన్ఫర్మేషన్’. రాసింది అమెరికా ప్రొఫెసర్ ఎడ్వర్డ్ టఫ్టీ. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో పనిచేస్తున్నప్పుడు, 1975లో, జర్నలిస్టుల బృందానికి గణాంకాలు బోధించమని ఆయనకు చెప్పారు. ఆ పాఠాల కోసం తయారు చేసుకున్న నోట్సే పుస్తకానికి పునాది.

చిక్కంతా అచ్చు దగ్గర వచ్చింది. బొమ్మ ఎక్కడో, దాని గురించిన మాట ఇంకెక్కడో ఉంటే పాఠకుడు పేజీలు తిప్పుతూనే ఉండాలి, ఆలోచన తెగిపోతుంది. రెండూ పక్కపక్కనే ఉండాలన్నది టఫ్టీ పట్టుదల. పేజీ రూపం రచయిత చేతిలో ఉండటం ప్రచురణకర్తలకు నచ్చలేదు. దాంతో ఆయన ఇంటిని రెండోసారి తాకట్టు పెట్టారు. గ్రాఫిక్స్ ప్రెస్ అని సొంత సంస్థ పెట్టి, డిజైనర్ హోవర్డ్ గ్రాల్లాతో కూర్చుని పేజీ పేజీ దిద్దుకుని అచ్చేశారు. మొండితనమే అనుకోండి. కానీ సమాచారాన్ని ఎలా చూపించాలో చెప్పే పుస్తకం తానే చిందరవందరగా ఉంటే ఎవరు నమ్ముతారు? తర్వాతి నాలుగు పుస్తకాలూ, 2020లో వచ్చిన ‘సీయింగ్ విత్ ఫ్రెష్ ఐస్’తో సహా, గ్రాఫిక్స్ ప్రెస్ నుంచే వచ్చాయి.

మొదటి పుస్తకంలో ఉద్యోగార్థులకు వెంటనే పనికొచ్చేది ‘లై ఫ్యాక్టర్’. బొమ్మలో కనిపించే మార్పును అసలు డేటాలోని మార్పుతో భాగించాలి, అంతే. పై బ్రోషర్‌నే తీసుకోండి. డేటాలో పెరుగుదల 5 శాతం. బార్ ఎత్తులో 200 శాతం. అంటే అబద్ధం 40 రెట్లు! న్యూయార్క్ టైమ్స్ 1978లో వేసిన ఒక మైలేజీ చార్టుకు టఫ్టీ కట్టిన లెక్క 14.8. పెద్ద పత్రికలకే తప్పలేదన్నమాట.

ఇదంతా అందం గొడవ కదా అనుకునేవాళ్లు కొలంబియా సంగతి తెలుసుకోవాలి. 2003 జనవరిలో ఆ స్పేస్ షటిల్ పైకి లేస్తుండగా ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. ప్రమాదం ఎంతో అంచనా వేసిన ఇంజినీర్లు తమ లెక్కల్ని స్లైడ్లలో పెట్టి నాసాకు చూపించారు. అందులో ఒక స్లైడ్ శీర్షిక చదివితే భయం లేదనే అనిపిస్తుంది. అసలు మాట అడుగున ఉంది. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, తగిలిన ముక్క అంచనా 1,920. అంటే 640 రెట్లు పెద్దది. శీర్షిక చెప్పే ధైర్యానికి ఆధారమే లేదని ఆ ఒక్క వరుస చెబుతోంది, కానీ అది బుల్లెట్ పాయింట్ల కింద నలిగిపోయింది. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో పాటు ఏడుగురు చనిపోయారు. స్లైడ్ ఒక్కటే కారణమని ఎవరూ అనరు. అయినా దానిపై టఫ్టీ చేసిన విశ్లేషణను దర్యాప్తు బోర్డు తన నివేదికలో చేర్చింది.

పవర్‌పాయింట్‌పై ఆయన అదే ఏడాది ఒక చిన్న పుస్తకం వేశారు. అదీ సొంత అచ్చే. దాన్ని చదివాకే 2004లో అమెజాన్ అధినేత జెఫ్ బెజోస్ పెద్ద మీటింగుల్లో స్లైడ్లు మాన్పించి, వాక్యాల్లో రాసిన మెమోలు తెప్పించారని అప్పటి ఉద్యోగి కాలిన్ బ్రయర్ తన పుస్తకంలో రాశారు. హైదరాబాద్‌లో ఆ కంపెనీ గేటు వైపు చూస్తున్నవాళ్లు స్లైడ్ల టెంప్లేట్ కంటే ముందు ఒక పేజీ సూటిగా రాయడం సాధన చేయడం మంచిది. ఎక్సెల్‌లో 2010 నుంచి కనిపించే ‘స్పార్క్‌లైన్’, అంటే ఒక్క గడిలో ఇమిడే బుల్లి గ్రాఫ్, ఆ పేరు పెట్టిందీ టఫ్టీయే.

అలాగని ఆయన మాటే వేదం కాదు. అలంకారాలు కత్తిరించాలనే పట్టు కొన్నిసార్లు చాదస్తంగానే ఉంటుంది. బొమ్మలతో ముస్తాబు చేసిన చార్టులే జనానికి ఎక్కువ గుర్తుంటాయని 2010లో కెనడా పరిశోధకులు చూపించారు కూడా.

ఫోన్ల కాలంలో అచ్చు పుస్తకమేంటి అంటారా? 1570లో లండన్‌లో అచ్చయిన యూక్లిడ్ రేఖాగణితంలో కాగితం మడతలు లేపితే ఘనాకృతులు నిలబడతాయి. ఆ పాత ప్రతిని టఫ్టీ తన క్లాసులకు తెచ్చి చూపించేవారు. ఇప్పుడాయన కనెటికట్‌లోని తన పొలంలో పెద్ద పెద్ద ఉక్కు శిల్పాలు నిలబెడుతున్నారు. ఎటు తిరిగినా ఆయన ధ్యాస కంటిమీదే.

ఆ పుస్తకాలు కాస్త ఖరీదే. మొదటిది కాలేజీ లైబ్రరీలో ఉందేమో అడగండి, లేకపోతే తెప్పించమని లెటర్ పెట్టండి. ఈలోగా చేయగల పని ఒకటుంది. ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్ నుంచి తెలంగాణ 33 జిల్లాల వర్షపాతం తీసుకుని, 33 చిన్న చార్టులు ఒకే స్కేలుతో ఒకే పేజీలో వేయండి. ఏ జిల్లా తేడాగా ఉందో కింద నాలుగు వాక్యాలు రాయండి. ఇలాంటివి ఎనిమిది పేజీలు కుదిరితే జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించి ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి. దీనికి ఇల్లు తాకట్టు పెట్టక్కర్లేదు.