తెగిన నరమునకు తోడు

మోచేతికడ గాటుపడి నరము తెగినచో వ్రేళ్లు మొద్దుబారును. "స్పర్శ తిరిగి వచ్చుటకు ఏడాది పైబడవచ్చు"నని వైద్యుడు చెప్పును. చర్మము పదిదినములలో మానుచుండగా నరమున కింత ఆలస్య మేల?

నరతంతువు వెన్నుపాము కడనున్న కణమునుండి వ్రేలికొనవరకు సాగిన దారము. తెగినచోటికి దిగువభాగము నశించును. దీనిని 1850లో ఆగస్టస్ వాలర్ కప్పనాలుక నరములను కోసి చూపెను. కాని దారమును ఒరవలె చుట్టుకొనియుండు ష్వాన్ కణములు బ్రతికియే యుండును. 1839లో వీనిని వర్ణించిన జర్మను శాస్త్రజ్ఞుని పేరే వీనికి వచ్చినది.

యజమాని పోయిన యింట ఇవి ఊరకుండవు. తమ క్రొవ్వుతొడుగును తామే విడనాడి, శిథిలములను కొంత జీర్ణించుకొని, మిగిలినదానిని ఊడ్చుటకు భక్షకకణములను రప్పించును. పిమ్మట బారులుతీరి, పోషకద్రవ్యములను వెలువరించుచు, క్రొత్తగా మొలచు తంతువునకు బాట చూపును. ఆ తంతువు దినమునకు సుమారొక మిల్లీమీటరు ప్రాకును. మోచేతినుండి వ్రేలికొనకు మూరెడు దూరము. లెక్క మనమే వేసికొనవచ్చును.

వీని సాయము నరములకే పరిమితము కాదు. 2016లో టొరాంటో పరిశోధకులు చుంచెలుకల వ్రేలికొన తీసి పరీక్షింపగా, ఈ కణముల స్రావములు లేనిచో క్రొత్తకొన సరిగా పెరుగలేదు.

ఐనను వీని ఓపికకు హద్దు కలదు. తంతువు రాక నెలలు గడచినచో బారులు పలుచబడును, ద్రవ్యములు తగ్గును. కనుకనే "పుండు మానినది గదా, నరము సంగతి తరువాత చూతము" అనుట ప్రమాదము. ఇక మెదడున, వెన్నుపామున తొడుగు నల్లునవి వేరు కణములు. అవి ఇట్లు బాట వేయజాలవు. వెన్నుపాము తెగినవారి కాళ్లలో చలనము తిరిగి రాకుండుటకు ఇదియొక కారణము.