సాకే రుచి పరీక్ష, సుకియాకి వంట తరగతి: వరి శాస్త్రవేత్త దృష్టిలో

బియ్యం నాణ్యతను పరీక్షించేటప్పుడు మనం మొదట చూసేది గింజలోని తెలుపు మచ్చ. పొట్టలో గాని, నడుమ గాని, వెన్ను వైపు గాని సుద్దలాంటి తెలుపు కనిపిస్తే ఆ వంగడం విలువ తగ్గుతుంది. మరపట్టినప్పుడు నూక పెరుగుతుంది, బజారులో ధర పడిపోతుంది. గింజ సన్నగా ఉండాలి, గాజులా మెరవాలి అన్నది తెలుగు వినియోగదారుని కోరిక. ఈ కొలబద్దకు అలవాటుపడిన వారికి జపాన్‌లోని హ్యోగో ప్రిఫెక్చర్‌లో ఒక వింత ఎదురవుతుంది. అక్కడ గింజ నడిమి తెలుపు కోసమే రైతుకు అధిక ధర చెల్లిస్తారు. ఆ బియ్యం వండుకోవడానికి కాదు, సాకే తయారు చేయడానికి.

కోబే నగరం తూర్పు భాగంలో మొదలై నిషినోమియా వరకు సముద్రతీరం వెంబడి సాగే నాడా ప్రాంతం జపాన్‌లో సాకే ఉత్పత్తికి పెట్టింది పేరు. సందర్శకుల కోసం కోబేలో జరిగే వంట తరగతులలో సాకే రుచి పరీక్ష, పశుమాంసంతో చేసే సుకియాకి అనే కుంపటి వంట ఒకే పూటలో నేర్పుతారు. ఈ రచయిత పాల్గొన్న తరగతి సుమారు మూడు గంటలు సాగింది. దాన్ని వినోద కార్యక్రమంగా మాత్రమే చూసి వచ్చేయవచ్చు. కాని బోధకురాలు సీసాల కంటే ముందు మూడు చిన్న పళ్లాలలో బియ్యం తెచ్చి బల్లమీద పెట్టారు. ఒకదానిలో ఊక మాత్రమే తీసిన ముడి బియ్యం, రెండవదానిలో 70 శాతం మిగిలేలా మరపట్టినవి, మూడవదానిలో సగం మాత్రమే మిగిలిన ముత్యాల వంటి గుండ్రని గింజలు. ఒక పంట కథను వినియోగదారునికి చెప్పడానికి ఇంతకంటె సులభమైన విస్తరణ సాధనం లేదనిపించింది.

గింజ పై పొరలలో మాంసకృత్తులు, కొవ్వులు, ఖనిజాలు ఎక్కువ. భోజనానికి ఇవి మేలు. సాకేలో మాత్రం మితిమీరితే రుచిని మొరటు చేస్తాయి, సువాసనను అణచివేస్తాయి. అందువల్ల పై పొరలను తొలగిస్తారు. తినే బియ్యంలో తవుడు రూపంలో పోయేది 10 శాతం వరకు ఉంటే, గింజో అనే మేలు రకం సాకేకు గింజలో 60 శాతానికి మించి మిగలరాదు. దైగింజో అయితే 50 శాతానికి మించరాదు. సగానికి మరపట్టడానికి రెండు రోజుల వరకు పడుతుంది. తొందరపడితే గింజ వేడెక్కి పగులుతుంది. తీసిన పొడి వృథా పోదు. పై తవుడు పశువుల దాణాకు, నూనెకు, ఊరగాయలకు పోతుంది. లోపలి తెల్లని పిండితో బియ్యపు అప్పచ్చులు చేస్తారు.

నడిమి తెలుపును అక్కడ షింపాకు అంటారు. ఆ భాగంలో పిండి రేణువులు వదులుగా అమరి, వాటి మధ్య గాలి చొరబడి ఉంటుంది. కాంతి చెదిరిపోవడం వల్ల మనకు తెల్లగా కనిపిస్తుంది. ఆ వదులు నిర్మాణం నీటిని త్వరగా పీల్చుకుంటుంది, శిలీంధ్రపు పోగులను లోపలికి చొరబడనిస్తుంది. ఇక్కడ ఒక సూక్ష్మ భేదాన్ని విద్యార్థులు గుర్తించాలి. సాకే తయారీదారులకు కావలసింది నడిమి తెలుపే. పొట్ట తెలుపును వారు కూడా దోషంగానే పరిగణిస్తారు, ఎందుకంటే అటువంటి గింజ మరలో నిలవదు. ఒకే లక్షణాన్ని గుణమనో దోషమనో అనడానికి ముందు అది గింజలో ఎక్కడ ఉంది, ఎవరి అవసరానికి అన్నవి అడగవలసి ఉంటుంది.

ఈ అవసరానికి బాగా పేరుపొందిన వంగడం యమద నిషికి. హ్యోగో వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1923లో యమదహో, తాంకన్ వతరిబునె అనే రకాలను సంకరపరచి, 1936లో ఈ పేరుతో విడుదల చేశారు. దాదాపు తొంభై ఏళ్లు గడిచినా మేలు రకం సాకే విషయంలో దీని ప్రతిష్ఠ చెక్కుచెదరలేదు. వ్యవసాయ శాస్త్రం దృష్టితో చూస్తే ఇది ఏమంత సుగుణాల వంగడం కాదు. మొక్క మీటరుకు పైగా పెరుగుతుంది, గాలివానకు చేను పడిపోతుంది, దిగుబడి తినే రకాల కంటె తక్కువ. నత్రజని ఎక్కువ వేస్తే చేను పడిపోవడమే గాక గింజలో మాంసకృత్తులు పెరిగి తయారీదారు ముఖం చిట్లిస్తాడు. అయితే వెయ్యి ముడి బియ్యపు గింజల బరువు 27 గ్రాములకు పైగా ఉంటుంది. మన బి.పి.టి. 5204 వడ్లే వెయ్యి గింజలకు 15 గ్రాములు తూగడం కష్టం. సన్నదనమే నాణ్యత అని నమ్మిన నేలకు, లావుదనమే నాణ్యత అని నమ్మిన నేలకు మధ్య దూరం ఈ రెండు అంకెలలో ఉంది.

దూరం ఉన్నా చుట్టరికం లేకపోలేదు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరికి మసూరి ఒక జనకం. ఆ మసూరి వంశవృక్షంలో తైచుంగ్ 65 ఉంది. అది జపాన్ పాలన కాలంలో తైవాన్‌లో కమెజి, షిన్‌రికి అనే జపాన్ రకాల నుండి తీసిన వంగడం. అంటే మన పళ్లెంలోని సన్నన్నంలో జపాన్ వరి రక్తం కొంత ప్రవహిస్తూనే ఉంది.

యమద నిషికి నిలదొక్కుకోవడానికి వంగడం గుణాలు మాత్రమే కారణం కావు. నాడా తయారీదారులకు, హ్యోగో కొండల నడుమ గ్రామాలకు మీజీ కాలం నుండే ఒక ఒప్పంద పద్ధతి ఉంది. దానిని మురమై, అంటే ఊరి బియ్యం అంటారు. ఫలానా ఊరి పంట ఫలానా తయారీశాలకు అని తరతరాలుగా సాగుతూ వచ్చింది. మికి నగరంలోని యొకావా, కాటో నగరంలోని తోజో వంటి ప్రాంతాలను ప్రత్యేక 'ఎ' శ్రేణి నేలలుగా గుర్తించి ధరలో తేడా చూపుతారు. బంకమట్టి నేలలు, పగటికి రాత్రికి మధ్య ఉష్ణోగ్రతలో పెద్ద తేడా అక్కడి ప్రత్యేకత. మన ప్రాంతాలలో ఒప్పంద సేద్యం పేరుతో జరిగే వాటిలో ఒప్పందం ఒక కాలానికో రెండు కాలాలకో ఉంటుంది; పంట బాగా పండి బజారు ధర పడితే కొనుగోలుదారు, ధర పెరిగితే రైతు మాట తప్పుతారు. ఊరి పేరు సీసా మీదికి ఎక్కిన చోట మాట తప్పడం ఇద్దరికీ నష్టమే. విస్తరణ శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని లోతుగా అధ్యయనం చేయవలసి ఉంది.

ఇక పులియబెట్టే విధానం. బార్లీతో బీరు చేసేటప్పుడు ముందు పిండిని చక్కెరగా మార్చి, ఆ తరువాత ఈస్ట్ కలుపుతారు. సాకేలో ఈ రెండు పనులు ఒకే తొట్టిలో ఒకేసారి జరుగుతాయి. ఆవిరిపై ఉడికించిన బియ్యంపై ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే శిలీంధ్రం బీజాలను చల్లి, వెచ్చని గదిలో రెండు రోజులు పెంచితే కోజి తయారవుతుంది. దాని ఎంజైములు పిండిని కొద్దికొద్దిగా గ్లూకోజుగా విడగొడుతుంటే, ఈస్ట్ వెంటవెంటనే దానిని ఆల్కహాలుగా మారుస్తుంది. చక్కెర ఒక్కసారిగా పోగుపడదు కాబట్టి ఈస్ట్ ఉక్కిరిబిక్కిరి కాక ఆల్కహాలు 20 శాతం వరకు చేరుతుంది. తరువాత నీరు కలిపి 15, 16 శాతానికి దించుతారు. జపాన్ బ్రూయింగ్ సొసైటీ 2006లో ఈ శిలీంధ్రాన్ని జాతీయ శిలీంధ్రంగా ప్రకటించింది. కోజితో మద్యం చేసే సంప్రదాయ నైపుణ్యాలకు 2024 డిసెంబరులో యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చోటు దక్కింది.

ఈస్ట్ పెరగడానికి ముందు చెడు సూక్ష్మజీవులను అదుపులో పెట్టేది లాక్టిక్ ఆమ్లం. కిమొతో అనే పాత పద్ధతిలో సహజంగా వచ్చే లాక్టిక్ బాక్టీరియా ఆ పని చేస్తుంది. 1910 ప్రాంతంలో వచ్చిన త్వరిత పద్ధతిలో ఆమ్లాన్ని నేరుగా కలుపుతారు. మన కోస్తా ఇళ్లలోని తరవాణి కుండలో జరిగేది కిమొతో తొలి ఘట్టం వంటిదే. కుండలో పులుపు దగ్గరే ఆగుతాం. వారు ఆ పులుపును కాపలాగా పెట్టి ముందుకు సాగుతారు.

రుచి పరీక్షకు వాడే తెల్లని పింగాణీ గిన్నె అడుగున రెండు నీలి వలయాలు ఉంటాయి. తెలుపు మీద రంగును, నీలం అంచు మీద మసకను గుర్తిస్తారు. వాసన చూసినప్పుడు అరటిపండు తోస్తే ఐసోఅమైల్ అసిటేట్, ఆపిల్ తోస్తే ఇథైల్ కాప్రొయేట్. ఈ రెండూ ఈస్ట్ రకాన్ని బట్టి, కిణ్వన ఉష్ణోగ్రతను బట్టి వస్తాయి. నిపుణులు నోటిలో తిప్పి ఉమ్మివేస్తారు. అందుకు ప్రత్యేక పాత్ర ఉంటుంది. మద్యం ముట్టని విద్యార్థులు వాసన పరీక్షతో ఆగిపోయినా పాఠంలో చాలా భాగం అందుతుంది. ఒకే సాకేను చల్లగాను, 40 డిగ్రీల వద్ద, 50 డిగ్రీల వద్ద వేడిచేసి ఇచ్చినప్పుడు మూడు వేర్వేరు పానీయాలనిపించింది. దైగింజో సువాసన వేడికి ఎగిరిపోయింది. ఎక్కువ మరపట్టని జున్‌మై మాత్రం వేడిలో విప్పారింది.

రెండవ భాగం సుకియాకి. గొడ్డు మాంసం వంట గురించి మన పత్రికలో రాయడానికి కొందరు సంకోచించవచ్చు. కాని జపాన్ చరిత్రలోనూ ఈ సంకోచం ఉంది. క్రీ.శ. 675లో తెమ్ము చక్రవర్తి పశువులు, గుర్రాలు, కుక్కలు, కోతులు, కోళ్ల మాంసాన్ని వ్యవసాయపు నెలలలో నిషేధించాడు. బౌద్ధంతో పాటు దుక్కిటెద్దుల రక్షణ కూడా అందులో ఉంది. 1859లో యొకొహామా రేవు తెరిచాక పశుమాంసపు కుంపటి వంట వ్యాపించింది. 1872లో మీజీ చక్రవర్తి స్వయంగా తిని నిషేధానికి తెరదించాడు. సుకియాకి పేరు గురించి ఒక కథనం ఉంది: పొలంలో పార రేకును నిప్పు మీద పెట్టి కాల్చుకున్నందున ఆ పేరు వచ్చిందని. పార అంటే 'సుకి', కాల్చడం అంటే 'యాకి'.

హ్యోగో ఉత్తర కొండలలోని తజిమా పశువులు మొదట వరి మడులు దున్నినవే. మన ఒంగోలు జాతి బ్రెజిల్‌కు వెళ్లి నెల్లోర్ పేరుతో మాంసపు జాతిగా స్థిరపడినట్లు, దుక్కి యంత్రాలు వచ్చాక ఇవి ఉన్న చోటనే మాంసానికి మారాయి. 1939లో పుట్టిన తజిరి అనే ఒక్క ఆబోతు సంతతిలోనే దేశంలోని నల్ల వాగ్యు తల్లి పశువులలో 99.9 శాతం ఉన్నాయని 2012లో వాగ్యు రిజిస్ట్రీ సంఘం తేల్చింది. రుచికి అది గర్వకారణం. జన్యు వైవిధ్యం దృష్టిలో ఆందోళనకరం. మాంసంలో పాలరాతి చారల వంటి కొవ్వు కోసం పెంపకపు మధ్యదశలో విటమిన్ ఎ తగ్గిస్తారు. బీటా కెరోటిన్ తక్కువగా ఉండే ఎండిన వరిగడ్డి అందుకు అనువైన మేత. యమద నిషికి గింజ సాకేకు పోగా మిగిలిన గడ్డికి ఇలా కొట్టంలో చోటుంది.

వంటలో రెండు సంప్రదాయాలున్నాయి. తూర్పున సోయా పులుసు, చక్కెర, మిరిన్ ముందే కలిపి పోస్తారు. కోబే ఉన్న పడమటి ప్రాంతంలో ఇనుప మూకుడులో పశువు కొవ్వు కరిగించి, పలుచని మాంసపు ముక్కను వేసి, దానిపైనే చక్కెర చల్లి, సోయా పులుసు, కొద్దిగా సాకే పోస్తారు. ఆ తరువాతే పొడవాటి ఉల్లికాడలు, కాల్చిన తోఫు, షీటాకే పుట్టగొడుగులు, చామంతి జాతికి చెందిన షుంగికు ఆకుకూర, కొంజాక్ దుంపతో చేసిన షిరతకి చేరుతాయి. ఉడికిన ముక్కను గిలకొట్టిన పచ్చి గుడ్డులో ముంచి తింటారు. మాంసం తినని ముగ్గురికి బోధకురాలు తోఫు, పుట్టగొడుగులతో వేరే మూకుడు పెట్టారు. సోయాలోని గ్లుటమేట్‌కు పుట్టగొడుగులోని గ్వానిలేట్ తోడైతే ఉమామి రుచి ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి ఆ మూకుడు ఏమీ తీసిపోలేదు.

మాంసపు పొట్లం మీద పది అంకెల సంఖ్య ఉంది. దాన్ని చరవాణిలో నమోదు చేయగానే ఆ పశువు పుట్టిన తేదీ, జాతి, తల్లి సంఖ్య, పెరిగిన ప్రాంతాలు, వధ తేదీ వచ్చాయి. 2001లో పిచ్చి ఆవు వ్యాధి బయటపడిన తరువాత 2003లో చేసిన చట్టం ఇది. సుకియాకి, షాబు షాబు, యాకినికు, స్టేక్ ప్రధానంగా వడ్డించే భోజనశాలలు కూడా ఈ సంఖ్యను చూపవలసిందే. మన పశువుల చెవికి వేసే పన్నెండంకెల పోగు టీకాలకు, కృత్రిమ గర్భధారణ నమోదుకు ఉపకరిస్తోంది. ఆ సంఖ్య పాల సీసా దాకా ప్రయాణించడం ఇంకా మిగిలి ఉంది.

హ్యోగో రైతును ఇప్పుడు కలవరపెడుతున్నది వేసవి. వెన్ను తీసిన తరువాతి మూడు వారాలలో సగటు ఉష్ణోగ్రత 26, 27 డిగ్రీలు దాటితే తెలుపు నడుమ నుండి గింజ అంతటా పాకి, మరలో పగులుతుంది. అంతకన్న కనబడని నష్టం మరొకటి ఉంది. వేడిలో పండిన పిండిలో అమైలోపెక్టిన్ గొలుసుకొమ్మలు పొడవవుతాయి. ఉడికించి చల్లార్చాక గట్టిపడి, కోజి ఎంజైములకు లొంగవు. అదే బరువు బియ్యం నుండి తక్కువ సాకే, ఎక్కువ పిప్పి వస్తుంది. గింజ పాలుపోసుకునే దశ వేడిని దాటేలా నాట్ల తేదీని వెనక్కు జరపమని అక్కడి విస్తరణ విభాగం పొలాల వారీగా సూచిస్తోంది. ఇంతలో 2024 నుండి తినే బియ్యం ధర దేశమంతటా పెరిగి, 2025 వసంతానికి దుకాణాలలో ఏడాది క్రితం ధరకు దాదాపు రెట్టింపయింది. తక్కువ దిగుబడినిచ్చి, గాలికి పడిపోయే పొడవాటి వరిని పెంచడం కన్న తినే రకం నాటడం లాభమన్న లెక్క ఊరి బియ్యం ఒప్పందాలున్న గ్రామాలలోనూ మొదలయింది. సాకే వినియోగం 1973లో శిఖరానికి చేరి అప్పటి నుండి తగ్గుతూ వస్తున్నందువల్ల తయారీదారులకు ఆ తేడాను పూడ్చడం సులభం కాదు.