రోగం చెప్పేవాడే మందు అమ్మితే

మా హోసూరు బడి కంప్యూటరు తెర ఒకనాడు ఎర్రబడి, వైరస్‌లున్నాయి, డబ్బు కట్టమంది. నేను కట్టబోయి ఆగాను. ఆ పరీక్ష చేసిందెవరు? మందు అమ్మేవాడే కదా!

అమెరికాలో ఆఫీస్ డిపో దుకాణాలు ఇలాగే ఉచిత పరీక్ష చేసేవి. కంప్యూటరు నెమ్మదించిందా, ప్రకటనలు అడ్డొస్తున్నాయా, ఇలా ముందుగా నాలుగు ప్రశ్నలు. ఏ ఒక్కదానికి అవునన్నా వైరస్ జాడ ఉన్నట్టే ఫలితం వచ్చేది. లోపల ఏముందో దానితో పని లేదు. అక్కడి వాణిజ్య కమిషన్ పట్టుకోగా, 2019లో ఆ సంస్థ రెండున్నర కోట్ల డాలర్లు, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సపోర్ట్.కామ్ కోటి డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి.

విండోస్ 11లో డిఫెండర్ ఉచితంగానే ఉంటుంది. చాలదనుకుంటే జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారెటివ్స్ ఫలితాలు చూడండి. పట్టిన వైరస్‌లే కాదు, మంచి ఫైళ్ళను దొంగలని పొరబడిన లెక్కా అందులో ఉంటుంది. నేను మొదట చూసేది అదే. పేపర్లు దిద్దే అలవాటు మరి. డబ్బా మీద "నూటికి నూరు" అని ఉంటే, ఏ పరీక్షలో, ఏ నెలలో అని అంగడాయనను అడగండి. రెండో ఏడాది ధర కూడా అడగండి. అది చిన్న అక్షరాల్లో ఉంటుంది.