విద్యుత్ పనిముట్లు – ప్రాణరక్షణ

రంధ్రములు చేయు డ్రిల్లు, ఇనుము కోయు గ్రైండరు నేడు పల్లెటిండ్లలోనికి సైతము వచ్చినవి. వీనివలన శ్రమ తగ్గును. ఏమరుపాటు మాత్రము ప్రాణాంతకము.

ఫ్యూజు ఉన్నది గదా యని పలువురు ధైర్యముతో నుందురు. ఇది పొరపాటు. ఫ్యూజు తీగలను కాపాడును గాని మనిషిని కాపాడజాలదు. 5 ఆంపియర్ల ఫ్యూజు కరుగుటకు అంతకు మించిన విద్యుత్తు ప్రవహింపవలెను. మనిషి గుండె లయ తప్పుటకు అందులో నూరవ వంతు, అనగా 50 మిల్లీఆంపియర్లు చాలును.

కావున మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. అమర్చుకొనవలెను. విద్యుత్తు దారితప్పి నేలకు పోయినచో అది క్షణములో సరఫరాను నిలుపును. దానిమీది 'టి' మీటను అప్పుడప్పుడు నొక్కి పరీక్షింపవలెను.

మూడు పిన్నుల ప్లగ్గులో లావుపాటి పిన్ను ఎర్తునకు సంబంధించినది, దానిని తొలగింపరాదు. చదరములో చదరము గుర్తుగల పనిముట్లకు మాత్రము రెండు పిన్నులు చాలును. ప్లగ్గు లేని వట్టి తీగలను అగ్గిపుల్లలతో సాకెట్టులో దోపరాదు. తడినేలపై పని చేయరాదు. గ్రైండరు బిళ్ళ మార్చునపుడు ప్లగ్గు ఊడదీయవలెను.

ఎవరికైనను షాకు తగిలినచో ముందుగా మెయిన్ స్విచ్చి ఆపుడు; ఆపనిదే వారిని తాకకుడు.