రెండు స్ప్రింగుల సైకిలు

బియ్యము కొనునపుడు నాలుగు గింజలు నోట వేసికొని చూతుము. కుండ కొనునపుడు వ్రేలితో కొట్టి వినుదుము. సైకిలు కొనునపుడు మాత్రము అది మగవారి బేరమని తలంచి అంగడి వాకిట నిలిచియుందుము. అట్లు నిలిచి నేను పొందిన నష్టమును, పిమ్మట నేర్చుకొన్న లెక్కను మీతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా యూరు ఏనుగు మల్లమ్మ కొండకు దిగువనున్నది. హార్సిలీ కొండ యని యందఱు నెఱిగినది యిదియే. మా అమ్మాయికి పదునాలుగేండ్లు. ఉన్నత పాఠశాలకు పోవు అడ్డదారి ఆఱు కిలోమీటర్లు. కొంత రాళ్లబాట, కొంత వంకలోని యిసుక, తక్కినది తారురోడ్డు. రెండేండ్ల క్రిందట పదివేల చిల్లరకు, ముందొకటియు సీటు క్రింద నొకటియు స్ప్రింగులుగల సైకిలు కొంటిమి. చూచుటకు మోటారు సైకిలువలె నుండెను. ఎనిమిది నెలలలో వెనుకచట్రపు కీలు వదులై చక్రము ప్రక్కలకు ఊగజొచ్చెను. ఒకనాడు దిగుడులో బండి పడి అమ్మాయి మణికట్టు విఱిగినది. “ఆడపిల్లకు సైకిలెందుకే?” యని మా అత్తగారు నన్నే మందలించిరి. కట్టు విప్పిననాడు అమ్మాయి యడిగిన మొదటిమాట, “అమ్మా, మళ్లీ సైకిలెప్పుడు కొంటావు?” అని. ఈ రెండు మాటల నడుమ నేను చాలదినములు నలిగితిని.

ఈ యేడు నా చీటిసొమ్ము ఇరువదిరెండువేలు చేతికి వచ్చెను. అంతకు మించి ఒక రూపాయియు లేదు. అమ్మాయి కోరినది మరల రెండు స్ప్రింగులదే. మావారు బడిలో లెక్కలు చెప్పువారగుటచే, “ముందు తెలిసికొని పిమ్మట కొనుము” అనిరి. తెలిసికొన నారంభించితిని.

సైకిలు కుదుపు తగ్గించు తలంపునకు బిడ్డమీది ప్రేమయే తోడ్పడినది. బెల్ఫాస్టు నగరమున డన్‌లప్ అను పశువైద్యుడు 1887లో తన కుమారుని మూడుచక్రముల బండి కుదుపు మాన్పుటకై రబ్బరు గొట్టమున గాలి నింపి చక్రమునకు చుట్టెను. 1888లో దానికి పేటెంటు పొందెను. కాబట్టి మన సైకిలునకు గాలియే చవుకైన స్ప్రింగు.

కొండదారి సైకిలు పెరిగినచోటు అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు టమల్పాయిస్ కొండ. అచటి యువజనులు 1970 తరువాతి యేండ్లలో పాత బరువు సైకిళ్లపై మట్టిదారుల దిగుచుండిరి. దిగువకు చేరునప్పటికి బ్రేకు వేడికి చక్రపు నడిమి గ్రీసు కాలిపోయెడిది, మరల నింపవలసివచ్చెడిది. అందుచేతనే 1976లో మొదలైన వారి పందెమునకు “రీప్యాక్”, అనగా మరల నింపుట, యని పేరు వచ్చెను. వెండీ క్రాగ్ అను వనితయు వారితో దిగుచు ఆ దినములను ఛాయాచిత్రములలో నిలిపినది. వారి సైకిళ్లకు నేటి స్ప్రింగులు లేవు. ముందుచక్రపు స్ప్రింగు ఫోర్కులు అంగళ్లలో వ్యాపించుట 1990 ప్రాంతమునుండియే.

ఇంతకు స్ప్రింగు చేయు పని యేమి? రాయి తగిలినపుడు అణగుట సగము పని. అణగినది మెల్లగా లేచుట తక్కిన సగము. మంచిదానిలో చమురు సన్నని రంధ్రములగుండ పోవుచు స్ప్రింగును పట్టి మెల్లగా లేవనిచ్చును. చవుకదానిలో తఱచుగా ఉత్త స్ప్రింగే యుండును. అణగినంతనే యెగిరి మనిషిని బంతివలె విసరును. పెడలు త్రొక్కినప్పుడెల్ల ఊగి కాలిబలమును కొంత మ్రింగును. పైగా వెనుకచట్రము కదలవలెనన్న కీళ్లుండవలెను. దశరథుని రథమునకు సీల యూడినపుడు కైక తన వ్రేలు చొప్పించి కాపాడెనని పెద్దలు చెప్పుదురు. మా అమ్మాయి సైకిలు కీలు వదులైనపుడు వ్రేలు చొప్పించువా రెవరు?

మదనపల్లె అంగళ్లలోను, అంతర్జాలమునను వెలలు చూచితిని. చమురుతో పనిచేయుచు నిజముగా రాళ్లదిగుళ్లకు తగిన రెండు స్ప్రింగుల సైకిలు లక్షరూపాయలకు పైబడియే యున్నది. పది పదునైదువేలదియు దూరమునుండి అట్లే కనబడును. పావుసేరు నేతితో పదిమందికి మైసూరుపాకు చేయవలెనన్న ఏమగునో మన మెఱుగుదుము. చిన్నవెలలో రెండు స్ప్రింగులు, కీళ్లు అమర్చినవాడు బ్రేకులలోనో చక్రములలోనో తగ్గింపక తప్పదు. పోనీ మంచిదే పాతది కొందమన్న, దాని చమురు మార్చుటకును బేరింగులు మార్చుటకును తెలిసినవారు మా చుట్టుప్రక్కల లేరు.

కావున ముందు మాత్రము స్ప్రింగుగలిగి, వెనుక కదలని చట్రముగల సైకిలు కొన నిశ్చయించితిని. ఈసారి వాకిట నిలువలేదు. అమ్మాయితోకూడ లోనికి పోయి యిట్లు పరీక్షించితిని.

చట్రముపై నిరుప్రక్కల కాళ్లుంచి నిలిచినపుడు ఆమె పాదములు రెండును నేలకానవలెను; నడుమ రెండంగుళముల యెడ ముండవలెను. సీటుపై కూర్చున్నపుడు ముందు ఫోర్కు తన కదలికలో ఐదవవంతు మాత్ర మణగవలెను. నొక్కి విడిచినపుడు తటాలున నెగురరాదు. బ్రేకుపిడి ఆమె వ్రేళ్ల కందవలెను. ముందుబ్రేకు పట్టి బండిని ముందువెనుకలకు ఊపినపుడు తలభాగమున టకటక వినబడరాదు. చక్రమును ప్రక్కకు కదపినపుడు ఆట యుండరాదు. వంకగట్టుమీద ఆమెయే యెత్తుకొనగల బరువుండవలెను. అంగడివాడు మొదట నవ్వెను. మూడవ సైకిలును కాదన్న పిమ్మట తానే స్పానరు తెచ్చి బిగింపసాగెను.

లెక్క యిది: సైకిలునకు 17,400, హెల్మెట్టునకు 1,600, గాలిపంపు, ట్యూబు, పంచరు సామానులకు 1,000, దీపములకు 500. మిగిలిన 1,500 మూడు నెలల పిమ్మట చేయించవలసిన బిగింపులకై పోపులపెట్టెలో దాచితిని. మొత్తము సొమ్ము సైకిలుకే పెట్టువారు హెల్మెట్టును మఱతురు. మొదటిసారి మేమును మఱచితిమి. మణికట్టుతో పోవుట మా యదృష్టము.

“వెనుక స్ప్రింగు లేదే” యని అమ్మాయి మొగము చిన్నబుచ్చుకొన్నది. రాళ్లు వచ్చినపుడు సీటునుండి లేచి, పెడళ్లు రెండును సమముగా నుంచి, మోకాళ్లు మోచేతులు కొంచెము వంచుమని చెప్పితిని. అప్పుడు దేహమే వెనుక స్ప్రింగగును. టైర్లలో గాలి, ప్రక్కన అచ్చువేసిన మితిని దాటక, రాతివలె బిగియనీయక యుంచుమంటిని. వారము దినములలో అలవడినది.

నిజముగా కొండల దిగువారును, లక్షకు మించి వెచ్చింపగలవారును రెండు స్ప్రింగులది కొనుట తప్పుగాదు. కొలతసొమ్ము గలవారు మాత్రము బిడ్డ పోవు దారిని ముందు చూచి, కదలు భాగములు తక్కువగాను, ఉన్నవి గట్టిగాను ఏఱుకొనవలెను.

ఇప్పటికి అయిదు నెలలైనది. నిన్న మా అత్తగారు తమ మందుచీటి మడిచి మనుమరాలి చేతికిచ్చి, “సాయంకాలము వచ్చునపుడు తెమ్ము, దిగుడులో నెమ్మది” అనిరి.