కెమెరా మనది, బొమ్మ ఎవరిది?

అమెరికాలో మన ఇళ్ళలో ఏటా జరిగే తంతే ఇది. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద ఆర్నెల్లుందామని వస్తారు. ఒక వారాంతం నయాగరా, ఇంకో వారాంతం పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి. సోమవారం పొద్దున్నే మనం ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి. ఇక సాయంత్రం దాకా అంత ఇంట్లో వాళ్ళిద్దరే. ఆయనకి బీపీ, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, ఇంట్లో మెట్లు. మనకి ఆఫీసులో మనసు నిలవదు. అందుకని ఓ వైఫై కెమెరా కొనుక్కొస్తాం.

మా ఇంట్లో డబ్బా ఇంకా విప్పకముందే మా అమ్మ అడిగింది: "ఇందులో మేం నీకొక్కడికే కనబడతామా, ఇంకెవరికైనా కూడానా?"

తీసిపారేసే ప్రశ్న కాదది. 2012 జనవరిలో ట్రెండ్‌నెట్ కంపెనీ కెమెరాలు దాదాపు 700 ఇళ్ళలో చూస్తున్న దృశ్యాల లింకులు ఇంటర్నెట్‌లోకి ఎక్కాయి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీతో 2013లో రాజీ కుదుర్చుకుంది. 2023లో ఇదే కమిషన్, ఖాతాదారుల సొంత వీడియోలు ఉద్యోగులు చూసే వీలు కల్పించారని రింగ్ కంపెనీ మీద ఆరోపణ చేస్తే, 58 లక్షల డాలర్లకు రాజీ అయింది. ఈ మధ్యలో, 2016 అక్టోబరు 21న, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి ఆగిపోవడానికి కారణమైన మిరాయ్ దాడిలో వాడుకున్నవి చాలావరకు ఇలాంటి కెమెరాలూ, డీవీఆర్ పెట్టెలే.

నాకు నచ్చిన మార్గం వేరు. మామూలు యూఎస్‌బీ వెబ్‌క్యామ్ ఒకటి, అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు ఒకటి. వెబ్‌క్యామ్‌కి నెట్‌వర్క్ తెలీదు, అకౌంటు లేదు, పాస్‌వర్డు లేదు. తీగ పట్టుకుని ఎటు వెళ్తే అటే బొమ్మ. ఆ తీగ రెండో కొస మన చేతిలో ఉంటుంది.

ఈ బోర్డులలో తొలి తరం వాటిలో ఒకటైన బీగుల్‌బోర్డు మనవాళ్ళకి బాగా తెలిసిన డాలస్ కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇంజనీర్లది. 2008లో 149 డాలర్లకి వచ్చింది. 2012లో ఇంగ్లండు నుంచి రాస్ప్‌బెరీ పై 35 డాలర్లకి దిగేసరికి, 2013లో 45 డాలర్ల బీగుల్‌బోన్ బ్లాక్ వచ్చింది. వెబ్‌క్యామ్‌ల సంగతీ అప్పటికే తేలికయింది. పూర్వం ఒక్కో కెమెరాకి ఒక్కో డ్రైవరు సీడీ ఉండేది. 2003లో యూఎస్‌బీ వీడియో క్లాస్ అనే ఉమ్మడి ప్రమాణం రావడం, 2008లో లారాన్ పాన్షార్ రాసిన డ్రైవరు లినక్స్ 2.6.26లో చేరడంతో, గుచ్చగానే పనిచేసే రోజులొచ్చాయి.

గుచ్చాక బొమ్మ నత్తనడక నడుస్తోందని చాలామంది బోర్డుని తిట్టుకుంటారు. తప్పు దానిది కాదు, లెక్కది. 640 బై 480 బొమ్మలో 3,07,200 చుక్కలు. కుదించకుండా పంపితే చుక్కకి 2 బైట్లు, సెకనుకి 30 బొమ్మలు, వెరసి 18 మెగాబైట్లు. 1280 బై 720కి వెళ్తే 55. యూఎస్‌బీ 2.0లో కెమెరాకి దొరికే దారి సెకనుకి 24 మెగాబైట్లు దాటదు. అందుకే కెమెరాలోనే బొమ్మని కుదించి పంపే ఎంజెపెగ్ పద్ధతిని ఎంచుకోవాలి. లాజిటెక్ సీ920 తొలి బ్యాచ్‌లయితే ఏకంగా హెచ్.264లోకి కుదించి ఇచ్చేవి; ఆ పని సొంతంగా చేసుకునే చిప్పు లేని బీగుల్‌బోన్‌కి అదో వరం. తర్వాతి బ్యాచ్‌లలో తీసేశారు. ఇంకొకటి, కరెంటు. డ్రాయర్‌లో దొరికిన పాత ఫోన్ ఛార్జరు పెట్టకండి. పై 4కి 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు కావాలి, కెమెరా కూడా ఆ బోర్డు మీదే బతుకుతుంది.

ఇంత చేసి రికార్డు చెయ్యాలా అంటే, నన్నడిగితే అక్కర్లేదు. సెకనుకి 3 మెగాబిట్ల వీడియో రోజుకి 32 గిగాబైట్లు. అంత ఎవరు చూస్తారు? బజారు కెమెరాలన్నీ దొంగ కోసం తయారైనవి: ఏదైనా కదిలితే ఫోన్ మోగుతుంది. అమ్మానాన్నల విషయంలో మన భయం కదలిక గురించి కాదు, కదలిక లేకపోవడం గురించి. మోషన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక బొమ్మకీ మరో బొమ్మకీ ఎన్ని చుక్కలు మారాయో లెక్కపెడుతుంది. వంటింటి వైపు పొద్దున ఏడు నుంచి పది దాకా ఏమీ కదల్లేదంటే నాకో మెసేజ్ పంపమని పది లైన్ల ప్రోగ్రాం రాశాను. బొమ్మలు దాచొద్దని సెట్టింగ్ పెట్టాను. బోర్డు చూస్తుంది, లెక్కపెడుతుంది, పారేస్తుంది. నేనూ చూడను. మెసేజ్ వస్తే ఫోన్ చేస్తాను. వాళ్ళు ఎత్తకపోతే పక్కింటివాళ్ళకి చేస్తాను.

మోషన్‌లో ప్రైవసీ మాస్క్ అని ఒకటుంది. నల్ల రంగు పూసినంత మేరా బొమ్మలోంచే తుడిచేస్తుంది. ఎక్కడ పూయాలో అమ్మే వేలు పెట్టి చూపించింది: దేవుడి గది తలుపు, తను కాళ్ళు చాపుకుని పడుకునే సోఫా. సీలింగ్ ఫ్యాన్ మీద కూడా పూయించాను, లేకపోతే అది తిరిగినంతసేపూ ఇంట్లో మనుషులున్నట్టే లెక్క.

బోర్డుకి కాపలా మాత్రం మనదే. రాస్ప్‌బెరీ పైకి ఒకప్పుడు అందరికీ తెలిసిన ఒకే పాస్‌వర్డు ఉండేది. 2022 ఏప్రిల్‌లో తీసేశారు. పాత కార్డు వాడుతుంటే మార్చండి. బయటినుంచి చూడాలనిపిస్తే రౌటర్‌లో తలుపు తెరవకండి, వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టుకోండి.

మైకు సంగతి మరవద్దు. వెబ్‌క్యామ్‌లో మైకు కంప్యూటర్‌కి వేరే పరికరంగా కనిపిస్తుంది, మీరు ముట్టుకోకపోతే ఏమీ రికార్డవదు. ముట్టుకోకపోవడమే మంచిది: కాలిఫోర్నియా, ఫ్లోరిడా, పెన్సిల్వేనియా, వాషింగ్టన్ వంటి రాష్ట్రాల్లో ఆంతరంగిక సంభాషణ రికార్డు చెయ్యాలంటే మాట్లాడేవాళ్ళందరి అనుమతీ ఉండాలి. మీ ఇల్లే అయినా, మాట్లాడేది మీ అత్తగారే అయినా.